బుల్లిట్ మస్టాంగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో హీరో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన ఆకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్ గురించి ఎప్పుడు మాట వచ్చినా అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. సినిమా కొత్తగా చూసినవాళ్లు ఒకటి అడుగుతారు, కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇంకోటి, వేలం వార్త చదివినవాళ్లు మరోటి. నాకు ప్రాణమైన కారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి కావాల్సిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లిపోవచ్చు.

## సినిమా చూడబోయే ముందు

ఈ కారుకి ఇంత పేరెందుకు? ఇందులో వింతేమీ లేదుగా?

వింతేమీ లేదు, దాని బలమంతా అందులోనే ఉంది. ఈ కారులో దాచిన తుపాకులు లేవు, మీట నొక్కితే తెరుచుకునే రెక్కలు లేవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేసే బుల్లిట్ అనే పోలీసు అధికారి సొంత కారు అది. ఇంటి ముందు వీధిలో ఆపుకుంటాడు, దాంట్లోనే డ్యూటీకి వెళ్తాడు. అలాంటి కారు దాదాపు 11 నిమిషాల పాటు నిజమైన వీధుల్లో, నిజమైన వేగంతో పరుగెత్తితే ఎలా ఉంటుందో ప్రేక్షకులు అంతకుముందు అంత దగ్గరగా చూడలేదు. తర్వాత వచ్చిన ఛేజింగ్ సీన్లన్నిటినీ దీనితో పోల్చడం అక్కడే మొదలైంది.

ఛేజింగ్ ఒక్కటే చూస్తే చాలదా? మొదటి గంట చాలా నెమ్మదిగా ఉందంటున్నారు.

చాలదని నా అభిప్రాయం. కథ సూటిగా ఉండదు, మాటలు తక్కువ. షికాగో ముఠాకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాల్సిన మనిషిని కాపాడే పని బుల్లిట్‌కి అప్పగిస్తారు, ఆ పని చెడిపోతుంది, పైన ఒక రాజకీయ నాయకుడి ఒత్తిడి. దర్శకుడు పీటర్ యేట్స్ ఆ మొదటి గంటంతా హీరోని ఓపికగా, కోపం బయటపెట్టని మనిషిగా చూపిస్తాడు. ఆ మనిషి స్టీరింగ్ పట్టుకున్నాక ఎలా మారతాడో చూడాలంటే అంతకుముందు ఎలా ఉన్నాడో తెలిసి ఉండాలి. యూట్యూబ్‌లో ముక్క మాత్రమే చూసినవాళ్లకి కార్లు కనిపిస్తాయి, మనిషి కనిపించడు.

జీటీ, 390, ఫాస్ట్‌బ్యాక్ అని రాస్తారు. వాటి అర్థం ఏంటి?

ఫాస్ట్‌బ్యాక్ అంటే పైకప్పు వెనక్కి ఒకే వాలుగా డిక్కీ చివరిదాకా దిగే బాడీ. 390 అనేది ఇంజిన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో. మన లెక్కలో సుమారు 6.4 లీటర్లు. ఎనిమిది సిలిండర్ల వీ8, కంపెనీ చెప్పిన శక్తి 325 హార్స్‌పవర్. జీటీ అనేది కాస్త ఖరీదైన స్పోర్ట్స్ ప్యాకేజీ పేరు. గేర్లు నాలుగు, మాన్యువల్. రంగు పేరు హైలాండ్ గ్రీన్. ఎండలో ఆకుపచ్చగా, నీడలో దాదాపు నల్లగా కనిపించే రంగు అది. ఈ కారు తీరుకి ఇంతకంటే తగిన రంగు లేదు.

ముందు గ్రిల్‌లో గుర్రం బొమ్మ ఎందుకు లేదు?

కావాలనే తీసేశారు. గుర్రం గుర్తు, బ్యాడ్జీలు, గ్రిల్‌లో ఉండే ఫాగ్ లైట్లు అన్నీ ఊడదీసి, చక్రాలు మార్చి అమెరికన్ రేసింగ్ కంపెనీ వారి ఐదు పుల్లల టార్క్ థ్రస్ట్ వీల్స్ వేశారు. షోరూమ్ నుంచి అప్పుడే తెచ్చినట్టు మెరవకుండా, ఒక మనిషి రోజూ వాడుకునే కారులా కనిపించాలన్నది ఉద్దేశం. మామూలుగా సినిమాకి కార్లు వచ్చాయంటే కంపెనీ గుర్తు ఎంత పెద్దగా కనబడితే అంత మంచిదనుకుంటారు. ఇక్కడ దానికి పూర్తిగా ఎదురు జరిగింది, అయినా ఫోర్డ్‌కి ఇంతకంటే మంచి ప్రచారం మళ్లీ దొరకలేదు.

## షూటింగ్ సంగతులు

మెక్‌క్వీన్ నిజంగా తనే నడిపాడా, డూపా?

ఇద్దరూ నడిపారు. మెక్‌క్వీన్ మంచి రేసర్. దగ్గరి షాట్లలో చాలావరకు ఉన్నది అతనే. బాగా ప్రమాదకరమైనవి అతని స్నేహితుడు, స్టంట్‌మన్ బడ్ ఎకిన్స్ చేశాడు. ఎవరు నడుపుతున్నారో పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది: లోపలి అద్దంలో మొహం కనబడేలా అద్దం కిందికి ఉంటే మెక్‌క్వీన్, కనబడకుండా పైకి తిప్పి ఉంటే డూపు.

ఒకచోట మెక్‌క్వీన్ వేగం ఎక్కువై మలుపు దాటేసి ముందుకు పోతాడు. టైర్లు పొగలు కక్కుతుండగా వెనక్కి వచ్చి మళ్లీ తిరుగుతాడు. అది రాసుకున్న సీన్ కాదు, పొరపాటే. దాన్ని కత్తిరించకుండా సినిమాలో ఉంచేశారు. మొత్తం ఛేజ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అప్పటిదాకా తప్పు చేయని హీరో అక్కడ తప్పు చేస్తాడు, సరిదిద్దుకుని మళ్లీ తరుముతాడు.

ఎదురుగా ఉన్న ఆ నల్ల కారు ఏది? దాన్ని నడిపిన కళ్లజోడు ఆయన నటుడా?

అది 1968 డాడ్జ్ ఛార్జర్ ఆర్‌టీ, 440 మాగ్నమ్ ఇంజిన్, 375 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే మస్టాంగ్ కంటే ఎక్కువ శక్తి ఉన్న కారు. నడిపింది బిల్ హిక్‌మన్. ఆయన స్టంట్ డ్రైవర్, ఇందులో హంతకుడి పాత్ర కూడా ఆయనే వేశాడు. అందుకే ఛార్జర్ లోపలి షాట్లలో మోసం లేదు. నడుపుతున్న మనిషి మొహమే మనం చూస్తాం. ఛేజ్ మొదలయ్యే క్షణంలో ఆయన తాపీగా సీటు బెల్టు పెట్టుకోవడం గమనించండి. ఒక్క మాట లేదు, అయినా ఇక ఏం జరగబోతోందో గుండెకి తెలిసిపోతుంది.

అంత ఎత్తు నుంచి ఎగిరి పడితే కారు విరిగిపోదా?

మామూలు కారైతే తట్టుకోదు. అందుకే మాక్స్ బాల్చౌస్కీ అనే రేస్ కార్ల మెకానిక్ సినిమాకి వాడిన రెండు మస్టాంగ్‌లనీ ముందే సిద్ధం చేశాడు. ముందు చక్రాల పైన షాక్ అబ్జార్బర్లు బిగించే భాగాలకు అదనపు ఇనుము వేసి గట్టిపరిచాడు, స్ప్రింగులు బిగువైనవి వేశాడు, షాక్ అబ్జార్బర్లు మార్చాడు, ఇంజిన్‌ని కూడా కాస్త పదును పెట్టాడు. అయినా రెండు కార్లలో ఒకటి దూకే పనికే ఎక్కువగా వాడారు, అది బాగా దెబ్బతింది. రెండోది దగ్గరి షాట్లకి వాడిన ముఖ్యమైన కారు.

నిజంగా ఎంత స్పీడులో పోయారు? ఫిల్మ్ స్పీడు పెంచారా?

ఫిల్మ్‌ని వేగంగా తిప్పే కిటుకు వాడలేదు. గంటకు 75, 80 మైళ్లు అనుకుని మొదలుపెట్టారు, చివరికి 110 మైళ్లు దాటింది. అంటే మన లెక్కలో సుమారు 177 కిలోమీటర్లు. అప్పటి శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ జోసెఫ్ అలియోటో సినిమాకి బాగా సహకరించడంతో వీధులు దొరికాయి. గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీద మాత్రం ఛేజ్ తీయడానికి ఒప్పుకోలేదు. స్టంట్లన్నీ చూసుకున్నది కేరీ లాఫ్టిన్.

గ్రాఫిక్స్ లేని రోజుల్లో కెమెరా ఎక్కడ పెట్టారు?

కారులోనే. ఛాయాగ్రాహకుడు విలియం ఫ్రేకర్ బృందం తేలికైన ఆరిఫ్లెక్స్ కెమెరాలను కార్లకే బిగించింది. అంతకుముందు స్టూడియోలో కారుని నిలబెట్టి, వెనక తెర మీద రోడ్డు కదిలించే పద్ధతే ఎక్కువ. ఇక్కడ డ్రైవర్ భుజం పక్క నుంచి ముందు అద్దంలోకి చూస్తాం. దిబ్బ అంచుకి వచ్చేసరికి ఎదురుగా రోడ్డు మాయమై ఆకాశం మాత్రమే ఉంటుంది, మరుక్షణం ముక్కు కిందికి వాలి నగరమంతా కళ్ల ముందుకి వస్తుంది. థియేటర్లో మొదటిసారి చూసినవాళ్లకి కడుపులో తిప్పిందంటే నమ్మొచ్చు. చిన్న ఫోన్ తెర మీద ఆ ఫీలింగ్ రాదు. ఇంట్లో పెద్ద టీవీ ఉంటే దాని మీద, సౌండ్ పెంచి చూడండి.

## తెర మీద కనిపించేవి

ఆకుపచ్చ ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని ఎన్నిసార్లు దాటుతారు? తప్పు కాదా?

తప్పే, చాలామంది పట్టుకున్న తప్పు. ఒకే పరుగుని రెండు మూడు కోణాల్లో తీసి, వాటిని వేర్వేరు పరుగులన్నట్టు వరసగా అతికించారు. అందుకే ఆ బీటిల్ మళ్లీ మళ్లీ వస్తుంది. ఛార్జర్ వీల్ క్యాప్‌లూ అంతే. కారుకి ఉండేవి నాలుగు, ఊడిపడేవి అంతకంటే ఎక్కువ. దారి కూడా కుదరదు. ఒక కొండ దిగుతున్న కార్లు తర్వాతి షాట్‌లో ఊరికి ఇంకో మూలన తేలతాయి. ఇవన్నీ తెలిశాక కూడా సీన్ పట్టు సడలదంటే ఎడిటింగ్ ఎంత బాగా కుదిరిందో చూడండి.

ఛేజ్ మధ్యలో మ్యూజిక్ ఆగిపోయింది. నా కాపీలో ఏదైనా లోపమా?

లోపం కాదు. ఎవరు ఎవరి వెనక పడుతున్నారో తేలే వరకూ లాలో షిఫ్రిన్ జాజ్ సంగీతం నెమ్మదిగా టెన్షన్ పెంచుతూ వస్తుంది. ఛార్జర్ ఒక్కసారిగా దూకిన క్షణంలో సంగీతం ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంజిన్లు, టైర్లు, గేర్లు మాత్రమే. ఒక్క డైలాగ్ కూడా లేదు. మన సినిమాల్లో ఛేజ్ అనగానే డప్పులు మోగించే అలవాటున్న చెవికి మొదట వెలితిగా ఉండొచ్చు. కాసేపటికి ఆ వీ8 గర్జనే సంగీతమని అర్థమవుతుంది. నాలుగే గేర్లున్న కారులో గేరు మార్చిన చప్పుడు అన్నిసార్లు ఎలా వినిపిస్తుందని అడిగేవాళ్లకి: శబ్దం తర్వాత కలిపింది, బొమ్మతో ప్రతిచోటా సరిపోదు.

చివర పెట్రోల్ బంక్ పేలుడు నిజమేనా?

పేలుడు నిజమే, గురి మాత్రం తప్పింది. బొమ్మలు కూర్చోబెట్టిన ఛార్జర్‌ని మస్టాంగ్ పక్కన కొక్కెంతో లాక్కెళ్లి బంక్ దగ్గర వదిలేశారు. అది పంపులకు తగలకుండా పక్క నుంచి దాటిపోయింది. మంటలు మాత్రం అనుకున్న సమయానికే లేచాయి. శ్రద్ధగా చూస్తే కారు పంపుల్ని దాటిపోవడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఎడిటింగ్ దాన్ని దాదాపుగా కప్పేసింది.

ఈ ఛేజ్‌కి ఆస్కార్ వచ్చిందంటారు, నిజమా?

ఛేజ్‌కి అని విడిగా అవార్డు ఉండదు. సినిమా ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కి ఉత్తమ ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది. 2007లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలోనూ సినిమాకి చోటు దక్కింది.

## షూటింగ్ అయ్యాక ఆ కార్లు

అసలు కారు ఇన్నేళ్లు ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు, ఒక ఇంటి గ్యారేజీలో ఉంది. సినిమా అయ్యాక ముఖ్యమైన మస్టాంగ్‌ని వార్నర్ బ్రదర్స్ ఉద్యోగి ఒకరు కొన్నారు. తర్వాత న్యూజెర్సీలో ఒక పోలీసు డిటెక్టివ్ చేతికి వచ్చింది. 1974లో పత్రికలో ప్రకటన చూసి అక్కడి ఒక కుటుంబం కొనుక్కుంది. ఇంటి ఇల్లాలు టీచర్, దాంట్లోనే బడికి వెళ్లేవారు. 1980లో సుమారు 65 వేల మైళ్ల దగ్గర క్లచ్ పోయింది, కారు మూలన పడింది. కుటుంబం ఊళ్లు మారినా కారుని వదల్లేదు, ఎవరికీ చెప్పలేదు. 2014లో తండ్రి చనిపోయాక కొడుకు దాన్ని మళ్లీ నడిచేలా చేశాడు. 2018 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో, సినిమాకి 50 ఏళ్లు నిండే ఏడాదిలో, లోకం ముందుకి తెచ్చాడు.

మెక్‌క్వీన్ ఈ కారు కోసం ఉత్తరం రాశాడా?

రాశాడు. 1977 డిసెంబర్‌లో టైపు చేసిన చిన్న ఉత్తరం. ఆ కారు తనకి తిరిగి కావాలని, రిపేర్లు చేసి కొత్తగా మార్చకుండా సినిమాలో ఎలా ఉందో అలాగే తన ఇంట్లో ఉంచుకోవాలనుందని, దాని బదులు అలాంటి మస్టాంగ్ ఇంకోటి వెతికిపెడతానని అందులో ఉంది. డబ్బు మరీ ఎక్కువ కాకపోతేనే, లేదంటే ఆ మాట మర్చిపోదామని కూడా రాశాడు. యజమాని ఇవ్వలేదు. మెక్‌క్వీన్ 1980 నవంబర్ 7న కన్నుమూశాడు. విచిత్రం ఏంటంటే, ఆయన కోరుకున్నట్టే ఆ కారుకి కొత్త రంగులు, మెరుగులు పడలేదు. కెమెరా బిగించడానికి అడుగున వెల్డింగ్ చేసిన పట్టీలతో సహా మిగిలింది.

మెక్సికోలో దొరికింది కూడా ఇదేనా? రెండు కథలు వింటున్నాను.

కార్లు రెండు, కథలూ రెండే. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో దొరికింది దూకే షాట్లకి వాడిన రెండో కారు. సినిమా తర్వాత తుక్కుకి పోయిందనే అందరూ అనుకున్నారు. తెల్ల రంగేసి, ఇంజిన్ కూడా లేకుండా పడి ఉన్న ఆ బాడీని ఇంకో సినిమా మస్టాంగ్‌కి నకలుగా మార్చాలని ఒకరు కొన్నారు. పని మొదలుపెట్టాక ఛాసిస్ నంబర్ వెతికితే అసలు విషయం బయటపడింది. 2017లో ఫోర్డ్ పాత రికార్డుల నిపుణుడు స్వయంగా చూసి నిర్ధారించాడు.

నకిలీలు ఇన్ని ఉన్నప్పుడు అసలుదని ఎలా తేలుస్తారు?

ఛాసిస్ నంబర్‌తో. రెండు కార్ల నంబర్లు 8ఆర్02ఎస్125558, 8ఆర్02ఎస్125559. మొదటి 8 అంటే 1968 మోడల్. ఆర్ అంటే ఫోర్డ్ శాన్‌హోసే ఫ్యాక్టరీ. 02 అంటే ఫాస్ట్‌బ్యాక్ బాడీ. ఎస్ అంటే 390 ఇంజిన్. మిగతాది వరస సంఖ్య, అంటే రెండూ వెనకా ముందూ లైన్ మీద నుంచి దిగినవి. మెక్సికోలో దొరికింది 558, కుటుంబం దాచుకున్నది 559. నంబర్‌తో పాటు బాల్చౌస్కీ వేసిన అదనపు ఇనుము, సినిమా వాళ్లు చేసిన రంధ్రాలు, వెల్డింగులు కూడా సరిపోవాలి. రంగు, చక్రాలు ఎవరైనా మార్చుకోవచ్చు, అవి సాక్ష్యం కాదు.

వేలంలో ఎంత పలికింది?

2020 జనవరి 10న ఫ్లోరిడాలోని కిసిమ్మీలో మీకమ్ సంస్థ వేలంలో 34 లక్షల డాలర్లకు సుత్తి పడింది. కమీషన్ కలిపితే 37.4 లక్షల డాలర్లు, అప్పటి మారకంలో 26 కోట్ల రూపాయలకు పైనే. ఆ రోజుకి మస్టాంగ్‌లలో అదే రికార్డు. అదే ఏడాది జులైలో 1965 నాటి షెల్బీ మస్టాంగ్ రేస్ కారు ఒకటి 38.5 లక్షల డాలర్లకు పోయి దాన్ని దాటింది.

## ఇప్పుడు చూడాలన్నా, కొనాలన్నా

మా అబ్బాయి బే ఏరియాలో ఉంటాడు. వెళ్లినప్పుడు ఆ రోడ్లు చూడొచ్చా?

హాయిగా చూడొచ్చు, అన్నీ మామూలు వీధులే. బుల్లిట్ ఇల్లు టేలర్ స్ట్రీట్, క్లే స్ట్రీట్ కలిసే మూలన ఉంది. కార్లు ఎగిరే ఆ మెట్ల లాంటి దిగుడు కూడా టేలర్ స్ట్రీట్‌దే, రష్యన్ హిల్ వైపు. ఎదురుగా సముద్రం, ఆల్కట్రాజ్ దీవి కనిపిస్తాయి. అక్కడ కారు దిగి నడవండి. ఆ వాలు ఎంత నిటారుగా ఉందో కాళ్లకి తెలిసినంతగా సినిమాలో తెలియదు. ఇంకొన్ని షాట్లు పొట్రెరో హిల్‌లో తీశారు. ఛేజ్ ఆఖరి భాగం డేలీ సిటీకీ బ్రిస్బేన్‌కీ మధ్య కొండ మీదుగా పోయే గ్వాడలూప్ కాన్యన్ పార్క్‌వే.

ఇంకోటి మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. ఈ మస్టాంగ్‌లు తయారైన ఫోర్డ్ శాన్‌హోసే ఫ్యాక్టరీ ఉన్నది మిల్పీటస్‌లో. 1983లో మూతపడింది. ఆ భవనాన్నే మార్చి 1994లో గ్రేట్ మాల్ తెరిచారు. అక్కడ షాపింగ్‌కి వెళ్లిన ప్రతి ఒక్కరూ ఈ కారు పుట్టిన చోట తిరిగినట్టే.

ఫోర్డ్ అమ్మిన బుల్లిట్ ఎడిషన్ అంటే సినిమా కారేనా?

కాదు, దాని పేరుతో కంపెనీ తెచ్చిన ప్రత్యేక మోడల్. 2001లో ఒకసారి, 2008–09లో ఇంకోసారి, 2019–20 మోడల్‌గా మరోసారి వచ్చింది. చివరిదానికి 5 లీటర్ల వీ8, 480 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. మూడింట్లోనూ ముదురు ఆకుపచ్చ రంగు దొరికింది. మూడింటిలో 2019ది నాకు బాగా నచ్చుతుంది. గ్రిల్‌లో గుర్రం పెట్టకపోవడం గుర్తుపెట్టుకున్నారు.

ఇండియాలో మస్టాంగ్ కొత్తది కొనొచ్చా?

2016లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీని కుడివైపు స్టీరింగ్‌తో ఇక్కడ అధికారికంగా అమ్మింది, ధర సుమారు 65 లక్షలు, 5 లీటర్ల వీ8. 2021 సెప్టెంబర్‌లో ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ ప్రకటించింది. అందుకని ఇక్కడ రోడ్ల మీద కనిపించే వాటిలో ఆ బ్యాచ్‌వే ఎక్కువ. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే సర్వీసు రికార్డు, విడిభాగాలు ఎక్కడి నుంచి తెప్పిస్తున్నారన్నది ముందే అడిగి తెలుసుకోండి.

అలమరలో పెట్టుకోవడానికి చిన్న మోడల్ కారు కొనాలి. ఏది సరైనదో ఎలా చూడాలి?

రంగు కంటే ముందు గ్రిల్ చూడండి. మధ్యలో గుర్రం ఉన్నా, ఫాగ్ లైట్లు ఉన్నా అది సినిమా కారు కాదు, మామూలు 1968 జీటీకి ఆకుపచ్చ వేసినది. చక్రాలు ఐదు పుల్లలవి, పుల్లలు బూడిద రంగులో ఉండాలి. పక్కల తెల్ల చారలు ఉండకూడదు. స్టీరింగ్ ఎడమవైపు. వీలైతే అదే సైజులో నల్ల ఛార్జర్ కూడా కొనండి, విడివిడిగా పెడితే మస్టాంగ్‌కి ఆ కళ రాదు.